పెట్టెలోని కాపురం

దీపం పెట్టే వేళ బల్లి పలికితే మనసులో అనుకున్నది జరుగుతుందని వరహాలమ్మకు చిన్నప్పటినుంచీ నమ్మకం. ఆ శ్రావణమాసం పొడుగునా ఆవిడ ఒత్తి వెలిగించి కళ్ళు మూసుకుని, "అప్పన్నా, ఈయన్ని ఇలాగే చల్లగా చూడు తండ్రీ" అనుకునేసరికి ఎక్కడినుంచో టిక్ టిక్ మని వినిపించేది. ఆవిడ సంబరపడి వేలితో గోడ మీద తట్టి "కృష్ణ కృష్ణ" అనుకునేది. సింహాద్రి అప్పన్న ఇంత వెంటవెంటనే పలకడం ఆవిడ ఇంతకుముందెన్నడూ ఎరగదు. తనేం పుణ్యం చేసుకుందో తెలియక కాస్త భయం కూడా వేసింది.

ఒక సాయంత్రం ఆ బల్లిని చూసి దండం పెట్టుకుందామని పటాల వెనక వెతికింది. గోడ మీదా లేదు, దూలం మీదా లేదు. చప్పుడు మాత్రం ఆగలేదు. అది పటాల కింది అరలో ఉన్న పెట్టెలోంచి వస్తోంది.

పెట్టె ముఖాన చిన్న దీపం ఒకటుంది. పెట్టిన నాటినుంచీ అది ఆకుపచ్చగానే వెలిగేది. ఈ మధ్య అది పసుపుగా కనిపిస్తుంటే, శుక్రవారం శుక్రవారం తాను పెట్టెకు రాసే పసుపే దాని మీదకు పాకిందనుకుంది. ఇప్పుడు కొంగుతో తుడిచింది. మళ్ళీ తుడిచింది. పసుపు పోలేదు. వరహాలమ్మ అక్కడే కూలబడి, వీధరుగు మీద కూర్చున్న భర్త వైపు చూసింది. పైడిరాజు మొగలాకుతో బొమ్మకు మెరుగు పెట్టుకుంటూ, ఎవరితోనో నవ్వుతూ మాట్లాడుతున్నాడు.

కొన్నేళ్ళ కిందట పైడిరాజుకు మెదడువాపు జ్వరం వచ్చింది. ప్రాణం దక్కింది కానీ కొత్తగా జరిగినదేదీ బుర్రలో నిలవకుండా పోయింది. పొద్దున పలకరించిన మనిషినే మధ్యాహ్నం కొత్తగా చూసేవాడు. జ్వరానికి ముందు సంగతులు మాత్రం చెక్కు చెదరలేదు. అంకుడు కర్రను లేత్ మీద తిప్పి లక్క పట్టించడం, తండ్రి పెట్టిన తిట్లు, అంతకు రెండేళ్ళ ముందు పోయిన భార్య దేముడమ్మ, అన్నీ అలాగే ఉన్నాయి. ఆయనకు దేముడమ్మ పోయి ఎప్పుడూ రెండేళ్ళే. రోజులు గడిచేవి కానీ ఆ దుఃఖానికి వయసు పెరిగేది కాదు.

అప్పుడు విశాఖలోని ఒక పరిశోధనశాల వాళ్ళు ఆయన చెవి వెనక గింజంత పూస అమర్చారు. ఆయన చూసినదీ విన్నదీ పగలంతా అది పట్టి ఉంచుతుంది. ఆయన నిద్రపోగానే ఇంట్లోని పెట్టెకు అందిస్తుంది. పెట్టెలో తిరిగే డిస్కు అవన్నీ సర్దిపెట్టి, మర్నాడు ఏది కావలసి వస్తే దాన్ని తిరిగి ఇస్తుంది. ఎవరో చెప్పినట్టు ఉండదు, తనకే గుర్తొచ్చినట్టు ఉంటుంది. మనిషి జ్ఞాపకం ఆ మనిషి ఇంట్లోనే ఉండాలని, ఇంకెవరి చేతిలోనూ ఉండకూడదని ఆ పరిశోధనశాల వాళ్ళ నియమం. అందుకే పెట్టె ఏటికొప్పాకలోని ఈ పెంకుటింటికి వచ్చింది. చెప్పులేసుకుని ఎవరూ రాని గది అదొక్కటే కనక దేవుడి గదిలో కూర్చుంది.

వరహాలమ్మ ఆయన బతుకులోకి వచ్చింది ఆ తరవాతే. పైడిరాజు పనిచేసే బొమ్మల షెడ్డులోనే, వెనక వైపు, రంగులు కాచే పని ఆవిడది. పసుపు కొమ్ములు, జాఫ్రా గింజలు, నీలిమందు ఉడికించి ఉడికించి చేతులు ఎప్పుడూ ఏదో ఒక రంగులో ఉండేవి. చిన్న వయసులోనే భర్త పోయాడు, పిల్లలు లేరు. పూస పెట్టిన కొత్తలో పైడిరాజు మర్నాటికి గుర్తుంచుకున్న మొదటి కొత్త పేరు ఆవిడదే. ఏడాది తిరక్కుండా సింహాచలం కొండ మీద, జోరు వానలో, ఇద్దరూ పెళ్ళి చేసుకున్నారు. నడి వయసు పెళ్ళి కదా, నవ్వినవాళ్ళు నవ్వారు. వాళ్ళిద్దరూ కూడా నవ్వారు.

దేముడమ్మ పైడిరాజు బుర్రలో ఉంది. వరహాలమ్మ ఉన్నది ఆ పెట్టెలో.

కబురు పెడితే పరిశోధనశాల నుంచి హసీనా వచ్చింది. పెట్టె పెట్టిన నాటినుంచీ దాన్ని చూసే ఇంజనీరు ఆమే. చెప్పులు గడప బయట విడిచి, కొంగు తల మీదకు లాక్కుని దేవుడి గదిలోకి వెళ్ళి, పెట్టెకు తీగ తగిలించి చాలాసేపు ట్యాబ్ చూసుకుంది. డిస్కులో గళ్ళు కొన్ని చెడిపోయాయని, చెడినప్పుడల్లా వాటిలోని సంగతులను పెట్టె తన దగ్గరున్న అదనపు గళ్ళలోకి మార్చుకుంటోందని, ఇప్పుడా అదనపు గళ్ళు కూడా నిండుకొస్తున్నాయని చెప్పింది. అయితే కొత్తది వేసేయమంది వరహాలమ్మ. హసీనా తీగ చుట్టుకుంటూ, వచ్చే వారం ఒకసారి విశాఖ రమ్మంది. అంకుల్ లేకుండా రమ్మంది.

పరిశోధనశాలలో ఒక బల్ల మీద, ఎవరి జ్ఞాపకాలూ లేని పరీక్ష డిస్కు తిరుగుతోంది. దాని లోపల ఏముందో తెర మీద కనిపిస్తోంది. దూరంనుంచి చూస్తే తూర్పు కనుమలు పొద్దున్నే కనిపించినట్టుంది. చిన్న గుట్టలు, పెద్ద కొండలు. ఒక్కో గుట్టా ఒక్కో జ్ఞాపకమని, ఎంత ఎక్కువగా గుర్తు చేసుకుంటే అంత ఎత్తు పెరుగుతుందని హసీనా చెప్పింది. ఆ ఎత్తు వల్లే ఒక మాట ఉత్త మాటగా ఉంటుంది, ఇంకో మాటకు గొంతు పూడుకుపోతుంది.

"ఇప్పుడు దీన్ని కొత్త డిస్కులోకి ఎక్కిస్తాను, చూడండి" అని ఆమె ఒక మీట నొక్కింది.

తెర మీద ఒక గీత ఎడమనుంచి కుడికి నడిచింది. గీత దాటిన చోటల్లా కొండలు లేవు. పలక లాగిన మడిలా చదునుగా ఉంది. ఉన్నవాటినన్నిటినీ వరసగా ఒకేసారి చదివితే తప్ప కొత్త డిస్కులోకి ఎక్కవని, అలా చదివితే పాతదానిలోనూ కొత్తదానిలోనూ అన్నీ ఒకే ఎత్తుకు వచ్చేస్తాయని హసీనా వివరించింది. ఒక్క మాట కూడా పోదు. ఎత్తులే పోతాయి.

"ఎత్తు పోతే ఏటవుతాది తల్లీ?"

హసీనా కళ్ళు దించుకుంది. "మీరెవరో ఆయనకి తెలుస్తుందమ్మా. మీరు ఆయనకి ఎంతవారో తెలియదు."

డిస్కును తాకకుండా, ఎత్తులు చెదరకుండా చదివే యంత్రం ఒకటి తయారవుతోందట. అన్నీ కుదిరితే ఉగాదికి వస్తుందట. అప్పటిదాకా ఈ డిస్కు తట్టుకుంటే ఏదీ పోదు. మధ్యలో పాడైపోతే మాటలు కూడా మిగలవు, ఆయన మళ్ళీ జ్వరం తగ్గిన మర్నాటి మనిషే. తట్టుకుంటుందా అని అడిగితే, ఏళ్ళు నడిచినవీ చూశాను, పసుపు దీపం పడిన వారానికే పోయినవీ చూశాను అంది హసీనా. ఏదైనా సరే ఇంటికెళ్ళి ఆయనకు చెప్పి, ఇద్దరూ కలిసి నిర్ణయించుకోమంది.

బస్సులో కిటికీ పక్కన కూర్చుని వరహాలమ్మ తనే నిర్ణయించేసుకుంది. ఉగాది దాకా ఆగుదాం. ఇచ్చిన దేవుడు కాపాడుకోలేడా? ఆ మాట అనుకోగానే కొంచెం ధైర్యం వచ్చింది. అనకాపల్లి దాటాక ఇంకో ఆలోచన వచ్చింది. ఇది దేవుడి మీద నమ్మకమా, తనది తనకే ఉండాలన్న ఆశా? రెండూ లోపల ఒకే రంగులో కనిపించాయి. ఇంటికి వెళ్ళాక భర్తతో, పెట్టెలో దుమ్ము చేరిందట, దులిపి పంపించారు అని చెప్పింది.

ఊరికే కూర్చుని ఎదురు చూసే మనిషి కాదు ఆవిడ. ఎంత గుర్తు చేసుకుంటే అంత ఎత్తు పెరుగుతుందని హసీనాయే చెప్పింది కదా. వరహాలమ్మ నాయనమ్మకు అక్షరం ముక్క రాదు. అయినా విష్ణు సహస్రనామం పొల్లు పోకుండా చదివేది. ఎలా వచ్చిందే అంటే, రోజూ అనుకోవడమే అనేది. అనుకున్నది నిలుస్తుంది. ఈ లోకంలో వరహాలమ్మకు ఇంతకంటే రూఢిగా తెలిసిన సంగతి ఇంకొకటి లేదు.

ఆ మర్నాటినుంచి దీపం పెట్టాక భర్తకు టీ ఇచ్చి, పక్కన అరుగు మీద కూర్చుని పారాయణ మొదలుపెట్టింది. తమ కాపురం గురించిన పారాయణ. మొదట కొండ మీద పెళ్ళి. పంతులుగారు గొడుగు కింద మంత్రాలు చదవడం, తలంబ్రాలు తడిసి ముద్దయి పైడిరాజు నెత్తికి అంటుకుపోవడం, తిరిగొచ్చేటప్పుడు మెట్ల మీద ఆయన కాలు జారితే పెళ్ళికూతురే పట్టుకోవడం. తరవాత ఆవిడ మొదటిసారి వండిన గుమ్మడికాయ దప్పళం. తరవాత ఆవిడకు టైఫాయిడ్ వస్తే ఆయన జావ మాడబెట్టడం. రోజూ అవే, అదే వరసలో, ఒక్క మాట తప్పకుండా.

పైడిరాజుకు మొదట్లో సరదాగా ఉండేది. తనకు తోచినవి కలిపేవాడు. తలంబ్రాల్లో వడగళ్ళు కూడా పడ్డాయని అబద్ధం చెప్పి ఆవిడ చేత తిట్టించుకునేవాడు. కొన్నాళ్ళకు, "ఏటే, బడిలో గుంటడికి ఎక్కాలు నేర్పినట్టు నేర్పతన్నావు. పరీచ్చ గానీ పెడతావేటి?" అన్నాడు. ఆవిడ నవ్వి, మళ్ళీ పెళ్ళి దగ్గరనుంచి మొదలుపెట్టింది.

కార్తీకం వెళ్ళింది. పెట్టెలో చప్పుడు ఎక్కువైంది. చిన్న చిన్నవి పోతూనే ఉన్నాయి. ఎదురింటివాళ్ళ కొత్త గేదె సంగతి పోయింది. పోయిన దసరాకు కొన్న చొక్కా ఎవరిదని అడిగాడు. పోతే పోనీ అనుకుంది వరహాలమ్మ. ముఖ్యమైనవి తాను రోజూ కొబ్బరి తాడు పేనినట్టు పేనుతోంది, అవి తెగవు.

ధనుర్మాసంలో ఒక సాయంత్రం ఆవిడ ఎప్పటిలాగే, "ఆ రోజు కొండ మీద వాన దంచేస్తంటే, పంతులుగారు గొడుగు…" అని మొదలుపెట్టింది. పైడిరాజు టీ తాగుతూ ఆసక్తిగా విన్నాడు. తలంబ్రాల దగ్గర నవ్వాడు. మెట్ల దగ్గర అయ్యయ్యో అన్నాడు. అంతా అయ్యాక గ్లాసు కింద పెట్టి అడిగాడు.

"బాగుంది. ఎవుల పెళ్ళే ఇది?"

హాస్యమాడుతున్నాడేమోనని ఆవిడ ఆయన ముఖం కేసి చూసింది. ఆయన నిజంగానే సమాధానం కోసం చూస్తున్నాడు.

మర్నాడు హసీనా వచ్చి తీగ తగిలించి, కాసేపటికి వెనక్కి తిరిగి విచిత్రంగా చూసింది. డిస్కు అంతటా అక్కడక్కడా గళ్ళు చెడ్డాయి కానీ ఒక్కచోట మాత్రం గుంపుగా, చెద పట్టినట్టు పోయాయట. పెళ్ళి, దప్పళం, జావ. ఆ చోటును ఎవరో పనిగట్టుకుని రోజూ చదివించినట్టుంది అంది. వరహాలమ్మ పారాయణ సంగతి చెప్పింది. హసీనా తీగ విప్పేసి ఆవిడ పక్కన కూర్చుంది.

ఆరోగ్యంగా ఉన్న డిస్కుకు గుర్తు చేసుకున్నకొద్దీ ఎత్తు పెరిగే మాట నిజమే. జబ్బు చేసిన డిస్కు మీద ప్రతి చదువూ ఒక గీత. ఎక్కువ చదివిన చోటే ముందు అరిగిపోతుంది. ఆ మాట తాను విడమరిచి చెప్పాల్సిందని, తప్పు తనదేనని హసీనా అంది.  తప్పు ఎవరిదైనా నోరు తనదే అనుకుంది వరహాలమ్మ. అనుకున్నది నిలుస్తుందన్న మాటను పట్టుకుని, ఒక్కొక్క సాయంత్రం ఒక్కొక్క పొర చొప్పున తన పెళ్ళిని తానే గీకేసుకుంది.

అయినా ఆవిడ ఆగుదామనే అంది. ఉగాది ఇంకెంతో దూరం లేదు. చదివితే అరుగుతుందంటే, చదవనివ్వకపోతే సరి.

అక్కణ్ణుంచి ఆ ఇంట్లో వింత కాపురం మొదలైంది. తనను చూస్తే ఆయనకు తాను గుర్తొస్తుంది, గుర్తొస్తే డిస్కు అరుగుతుంది. అందుకని వరహాలమ్మ ఆయన లేవకముందే షెడ్డుకు వెళ్ళిపోయేది. అన్నం వడ్డించి పెట్టి వంటింట్లోకి తప్పుకునేది. టీ పక్కింటి పిల్ల చేత పంపించేది. ఎదురుపడాల్సి వస్తే కొంగు ముఖానికి అడ్డం పెట్టుకునేది. దేవుడి గదిలో టిక్ మంటే, వంటింట్లో చేసే చప్పుడు కూడా ఆపేసి బిగుసుకుని నిలబడేది. తనను మరిచిపోకుండా ఉండడానికి తనను గుర్తు చేసుకోవద్దని ఆయన్ని ఎలా అడగాలో ఆవిడకు తెలియలేదు.

పైడిరాజు కొన్నాళ్ళు చూశాడు. ఒకరోజు మధ్యాహ్నం పని మానేసి షెడ్డు వెనకకు వచ్చాడు. ఆవిడ రంగు బాన దగ్గర ఉంది. ముఖం తిప్పుకోబోతే, ఆయన బాన ముందు చతికిలబడి కూర్చున్నాడు. తనవల్ల ఏం తప్పు జరిగిందో చెప్పమన్నాడు. ఆవిడ చాలాసేపు తెడ్డుతో రంగు కలిపింది. తరవాత అన్నీ చెప్పింది. బల్లినుంచి పారాయణ దాకా, తాకకుండా చదివే యంత్రం దాకా.

ఆయన కోప్పడలేదు. లక్క మీద మొగలాకు ఎంతసేపు పట్టాలో అంతసేపే పట్టాలని, మెరుస్తోంది కదాని ఇంకా పడితే రంగు లేచిపోతుందని, పనిలో చేరిన కొత్తలో తానూ ఎన్నో బొమ్మలు అలా పాడు చేశానని చెప్పాడు. తరవాత ఒక్కొక్కటే అడిగాడు.

"మార్చీసినామనుకో. నువ్వు నా పెళ్ళానివని తెలుస్తాదా నాకు?"

"తెలుస్తాది."

"పేరు?"

"పేరూ తెలుస్తాది. అన్నీ తెలుస్తాయి. పేపర్లో సదివినట్టు ఉంతాదట."

"దేముడమ్మో?"

"ఆవిడ మీ బుర్రలోనే ఉంది కదా. ఆవిడకేటీ అవదు." బానలో తెడ్డు ఒకసారి తిప్పి, "మళ్ళీ నిన్న మొన్న పోయినట్టే ఉంతాది మీకు" అంది.

పైడిరాజు నేల మీద పుల్లతో గీతలు గీశాడు. "సూడు వరాలూ. నాకైతే నట్టం నేదు. పోయింది పోయినట్టే తెల్దు నాకు. పోయిందని తెలిసి కూకునేది నువ్వు. అంచేత నేను మార్చీమంటే నాయం కాదు, ఉంచీమన్నా నాయం కాదు. నువ్వే సెప్పాల."

"ఉగాది దాకా ఆగితే…"

"ఆగుదాం. మరి అందాకా ఇలాగే ముసుగేసుకుని తిరుగుతావేటి? ఇప్పుడు నేను నీకేసి సూత్తన్నాను. అరుగుతున్నట్టే కదా. సూడ్డం మానీమంటావా?"

ఆవిడ తెడ్డు వదిలేసింది. ఆ పూట ఇంటికెళ్ళి దేవుడి ముందు కూర్చుంది కానీ ఏ కోరికా కోరలేదు. ఇన్నాళ్ళూ తాను కాపాడుతున్నది ఏమిటని మాత్రం అడిగింది. నిన్నటి ప్రేమ చెక్కుచెదరకుండా ఉండాలని ఇవాళ్టి మనిషికి ముఖం చాటేస్తోంది. చూడకుండా, మాట్లాడకుండా దాచిపెడితే, ఉగాదినాడు యంత్రం వచ్చి భద్రంగా చదివేది దేన్ని? ఈ చాటు మాటు రోజులనే కదా. అప్పన్న పలకలేదు. పెట్టె టిక్ మంది. ఆవిడ లేచి హసీనాకు ఫోన్ చేసి, డిస్కు మార్పించుకోవడానికి రేపు బయల్దేరి వస్తున్నామని చెప్పింది.

ఆ సాయంత్రం వరహాలమ్మ ముసుగు తీసేసి ఆయన ఎదురుగానే కూర్చుంది. ఇద్దరూ పాత సంగతులేవీ ఎత్తలేదు. వంకాయల ధర గురించి, ఎదురింటి గేదె పాల గురించి మాట్లాడుకున్నారు. ఆయన ఆవిడ వైపు ఎంతసేపు చూసినా ఆవిడ తల తిప్పుకోలేదు.

పరిశోధనశాలలో పైడిరాజుకు మత్తు ఇచ్చి పడుకోబెట్టారు. అద్దానికి ఇవతల, తెర ముందు, వరహాలమ్మా హసీనా కూర్చున్నారు. పరీక్ష డిస్కు మీద చూసిన గీతే మళ్ళీ బయల్దేరింది. ఈసారి కొండలు తమవి. ఏ కొండ ఏదో వరహాలమ్మకు తెలియదు. ఒకచోట మాత్రం గొయ్యి ఉంది. అది తెలుసు. గీత దాని మీదుగా కూడా నింపాదిగా వెళ్ళిపోయింది.

అయ్యాక హసీనా కుర్చీ దగ్గరకు జరుపుకుంది. పోయిన గళ్ళలోని మాటలు కొన్ని ఇంటివాళ్ళు చెబితే రాసిపెట్టవచ్చట. పెళ్ళి ఎక్కడ, ఎప్పుడు, దప్పళం, టైఫాయిడ్ నాటి మాడిన జావ, ఉత్త సంగతులవరకు. వరహాలమ్మ చెప్పింది, హసీనా రాసింది. తరవాత హసీనా ఇంకో మాట చెప్పింది. అన్ని ఎత్తులూ ఇప్పుడు ఒకే అంకెలో ఉన్నాయి. కావాలంటే ఇప్పుడే, కొత్త డిస్కు తిరగడం మొదలుపెట్టకముందే, కొన్నిటికి అంకె పెంచి పెట్టవచ్చు. నియమాల్లో అలా చేయమనీ లేదు, చేయొద్దనీ లేదు.

"అంటే?"

"మీ పేరు వచ్చిన ప్రతిచోటా పెద్ద అంకె వేస్తే, లేచేసరికి మీరంటే ప్రాణం పెడతారు. పాతదానికంటే ఎక్కువే కావచ్చు. ఆయనకి తేడా తెలియదు."

వరహాలమ్మ తెర మీద మెరుస్తున్న ఖాళీ గడిని చూసింది. ఎంత తేలిక! ఒక అంకె. పసుపు నీళ్ళ మరక ఉన్న వేలు తెర దాకా వెళ్ళింది కూడా. అద్దానికి అవతల ఆ మనిషి నోరు కొంచెం తెరిచి నిద్రపోతున్నాడు. ఒకప్పుడు తన పేరును మర్నాటికి గుర్తుంచుకున్నప్పుడు ఆ అంకె ఎవరు వేశారు? ఎవరూ వేయలేదు. అందుకే కదా తాను ఆ రోజు ఇంటికెళ్ళి తలుపు వేసుకుని ఏడ్చింది.

వేలు వెనక్కి తీసుకుంది. "అప్పన్ననే నేను ఎప్పుడూ ఆయన ఆయుస్సు అడిగినాను తప్ప ఆయన మనసు అడగనేదమ్మా. ఇప్పుడు నిన్నేటి అడుగుతాను. అలాగే ఉంచీ."

హసీనా మీట నొక్కింది. పాత డిస్కును గుడ్డలో చుట్టి సొరుగులో పెట్టింది. అది ఇంకెన్నాళ్ళు నడిచేదో ఇక ఎవరికీ తెలియదు.

పైడిరాజు కళ్ళు తెరిచి, పక్కన నిలబడ్డ ఆవిడను చూసి లేచి కూర్చోబోయాడు. కొత్తవాళ్ళు వస్తే లేస్తాడు చూడండి, అలా. "వరహాలమ్మ గారు కదండీ" అన్నాడు. "నా భార్య. తెలుసండి." తరవాత ఎటు చూడాలో తెలియక పైకి ఫ్యాను వైపు చూశాడు.

ఇంటికి వచ్చాక ఆయన మంచి అతిథిలా ఉన్నాడు. అన్నం పెడితే చాలండి అనేవాడు. టీ ఇస్తే శ్రమ పడ్డారనేవాడు. మంచం వీధరుగు మీదకు మార్చుకున్నాడు. పెట్టె దీపం ఆకుపచ్చగా, చప్పుడు లేకుండా వెలుగుతోంది. అన్ని సంగతులూ ఆయనకు వరసగా తెలుసు, అడిగితే తేదీలతో చెప్పగలడు. టైఫాయిడ్ వచ్చినప్పుడు జావ మాడిందట కదండీ, క్షమించండి అన్నాడొకసారి. వరహాలమ్మ గబగబా వంటింట్లోకి వెళ్ళిపోయింది.

మొదటి రోజుల్లో ఆయన దేముడమ్మ కోసం ఏడ్చాడు. నిన్ననే పాడె లేచినట్టు ఏడ్చాడు. వరహాలమ్మ మంచినీళ్ళు తెచ్చి, దూరంగా కూర్చుంది. ఇదివరకు ఈ ఏడుపును చల్లార్చింది తనే. ఏ మాట అంటే ఆగుతుందో తనకు తెలుసు. ఆ మాట ఇప్పుడు పనిచేయదు, ఎందుకంటే చెప్పేది ఆయనకిప్పుడు ఎవరో ఆవిడ. అందుకని దేముడమ్మ ఎలా ఉండేదో చెప్పమని అడిగింది. ఆయన ఆశ్చర్యపోయి, చెప్పడం మొదలుపెట్టాడు. ఇన్నేళ్ళ కాపురంలో తాను ఎన్నడూ అడగని ప్రశ్న అది. ఆవిడ చివరిదాకా విన్నది. దేముడమ్మ చాలా మంచి మనిషే.

పారాయణ మళ్ళీ మొదలుపెట్టలేదు. ఎవరైనా అడిగినా పాత సంగతులు చెప్పేది కాదు. పూజ చేసుకునేది, షెడ్డుకు వెళ్ళేది, వండేది. ఉగాది వచ్చి వెళ్ళింది. కొత్త యంత్రం ఇంకా పరీక్షల్లోనే ఉందన్నారు.

చైత్రంలో ఏకాదశి నాడు వరహాలమ్మ పచ్చి మంచినీళ్ళయినా ముట్టకుండా షెడ్డుకు వెళ్ళింది. పెద్ద ఆర్డరుకు నీలిమందు కాచాలి, ఆ రోజు తోడు ఎవరూ రాలేదు. ఎండ నెత్తి మీదకు వచ్చేసరికి బాన ముందు కళ్ళు తిరిగాయి. పట్టు కోసం చేయి చాచితే వేడి బాన అంచు తగిలింది. అరిచిందేమో ఆవిడకు గుర్తు లేదు. తేరుకునేసరికి నేల మీద కూర్చుని ఉంది. పైడిరాజు ఆవిడ చేయి తన చేతిలోకి తీసుకుని చెంబుతో నీళ్ళు పోస్తున్నాడు.  లేత్ మీద బొమ్మ ఇంకా తిరుగుతూనే ఉన్నట్టుంది, అవతల్నుంచి చప్పుడు వినిపిస్తోంది.

"ఒలే, నీకు బుద్దుందేటే?" అన్నాడు. గొంతు పెద్దదైంది. "ముద్ద తినకుండా నిప్పుల కాడ కూకుంటావా? బానలో పడితే ఏటయ్యేది? ఉపాసం ఉండమని ఏ దేముడు సెప్పినాడు నీకు? రమ్మను, నేనడుగుతాను."

అనేసి ఆగిపోయాడు. మాట చివరి 'అండీ' ఎక్కడ పోయిందో తెలియక ఆయనే బిత్తరపోయాడు. క్షమించమని అనబోతున్నాడు, పెదవి కదిలింది.

వరహాలమ్మ ఆ మాట రానివ్వలేదు. తడి చేయి ఆయన చేతిలోనే ఉంచి, ముఖం తిప్పుకోకుండా అంది.

"బుద్దుంటే మిమ్మల్ని సేసుకుంతానేటి?"

పైడిరాజు దీనికేం చెప్పాలా అని వెతుక్కున్నాడు. పెట్టెలో ఎంత వెతికినా ఈ మాటకు జవాబు ఉన్నట్టు లేదు. చివరికి వెతకడం మానేసి ఆవిడ వైపు చూశాడు, చాలాసేపు చూశాడు, పళ్ళు కనపడకుండా ఆపుకున్న నవ్వుతో.

"లెగు" అన్నాడు. "ఇంటికెళ్దాం. జావ కాత్తాను."

"మాడబెట్టకండి."

"మాడితే మాడిందే తాగు" అని, ఆవిడ మోచేయి పట్టుకుని లేవదీశాడు.